అందకుండానే పెంచిన టీచరమ్మ

యాసంగి నాట్లు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, ఇంకా బడి గంట కొట్టకముందే, టీచరమ్మ పోయిందన్న వార్త బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. నేను పనిచేసే ఊరు బిచ్కుందకు అవతల, మరాఠీ మాటలు వినిపించే వైపు ఉంటుంది. పొద్దున వచ్చే మొదటి బస్సు మా బడి ముందే మలుపు తిరిగి మళ్ళీ బాన్సువాడకు పోతుంది. దాని కండక్టరుది బాన్సువాడే. రోజూ చెయ్యి ఊపి పోయే మనిషి, ఆ రోజు బస్సు ఆపించి కిందికి దిగాడు.

"టీచర్, మీ క్యాంపు టీచరమ్మ రాత్రి పోయిందట. నస్రుల్లాబాద్ దిక్కు నుంచి వచ్చెటోళ్ళు అందరు గదే అనుకుంటుండ్రు. మీకు చెప్పాలె అనిపిచ్చింది."

తోటి మాస్టారికి పిల్లలను అప్పగించి అదే బస్సులో బయలుదేరాను. టికెట్ చింపి ఇస్తూ కండక్టరు మామూలుగానే అడిగాడు, ఆమె నాకు ఏమవుతుందని. చుట్టమా అని.

 మాది లంబాడా తండా. ఆమెది కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. అట్లాంటి వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. చుట్టరికం ఎక్కడిది? "చదువు చెప్పింది" అన్నాను. అది అబద్ధం కాదు, కానీ నిజంలో సగం కూడా కాదు.

చావు ఇంట్లో మనుషులు వరుసను బట్టి నిలబడతారు. అక్కచెల్లెళ్ళు ఒక చోట, ఆడపడుచులు ఒక చోట, ఇరుగుపొరుగు వాకిట్లో. నేనెక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆ చోటే. ఆమె పక్కన, ఆమె మనిషిగా నిలబడే చోటు. ఇక అది దొరికే దారి లేదనుకుంటూ కిటికీలోంచి జొన్న చేలను చూస్తూ కూర్చున్నాను.

ఆమెను మొదటిసారి చూసింది 1969లో. ఆ ఏడు తెలంగాణ ఉద్యమం వల్ల బళ్ళు నెలల తరబడి మూతపడి, సీతాఫలాలు వచ్చేనాటికి మళ్ళీ తెరుచుకున్నాయి. పోయిన పాఠాలన్నీ పూర్తి చెయ్యాలని టీచర్లు తొందర మీద ఉన్నారు. మా దాది, అంటే మా నానమ్మ, బాన్సువాడ ఆడపిల్లల బడి గోడ పక్కన సీతాఫలాల గంప పెట్టుకొని కూర్చునేది. అరిచి పిలవడం నా పని. నా గొంతు అప్పటికే మా తండాలో పేరు మోసింది.

ఒక రోజు గేటు తీసుకొని ఒక టీచరు బయటికి వచ్చింది. తెల్ల నూలు చీర, వేళ్ళ నిండా సుద్దపొడి. తిడుతుందనుకొని దాది వెనక్కి జరిగాను. ఆమె తిట్టలేదు.

"అమ్మాయ్, కాసేపు అరవకుండా ఉంటారా? లోపల పాఠం జరుగుతోంది."

'ఉంటారా' అని నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ఇంకెవరినో అంటోందేమోనని వెనక్కి తిరిగి చూశాను. దాది మాత్రం తగ్గలేదు.

"అరవకుంటె ఎట్ల అమ్ముడు పోతయి టీచరమ్మా? పండ్లు మాగుతున్నయ్. మీ పాఠం రేపు చెప్పుకున్నా మురిగిపోదు గద."

టీచరమ్మ గంపనూ నన్నూ మార్చి మార్చి చూసింది. నన్ను లోపల కూర్చోబెట్టమని దాదిని అడిగింది. లోపల ఉంటే అరవను కదా, పళ్ళు దాది అమ్ముకోవచ్చు కదా అని ఆమె లెక్క. దాది నవ్వి, సరే తోలుకపో అంది. నా చదువు అట్లా మొదలైంది, నా నోరు మూయించడానికి. ఆ రోజు వెనక బెంచీ మీద కూర్చొని నేను అరవలేదు. మర్నాడూ అరవలేదు. గంప ఖాళీ అయ్యే కాలం వచ్చింది గానీ నేను బడికి పోవడం మానలేదు. పండ్లు అయిపోయినయ్ గదా, ఇంక నువ్వు ఆడ ఏం అమ్ముతవ్ అని మా బాపు, అంటే మా నాన్న, ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే పలక కొనిచ్చాడు.

నాకు యాడి లేదు. మా భాషలో అమ్మను యాడి అంటాం. నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయింది. ఫొటో లేదు. ఎట్లా ఉండేదని అడిగితే తండాలో తలా ఒక మాట చెప్పేవాళ్ళు. వాటన్నిటినీ కలిపితే ఒక ముఖం తయారయ్యేది కాదు. ఏ ముఖమూ లేని ఆ చోటికి టీచరమ్మ వచ్చి కూర్చుంది. ఆమెకు తెలియకుండానే వచ్చింది. నేను కూర్చోబెట్టుకున్నాను.

ఆమె బల్ల దగ్గర నిలబడితే ఉతికిన నూలు వాసన, కుంకుడుకాయ వాసన వచ్చేది. ఆ కుచ్చెళ్ళలో ముఖం దాచుకోవాలని ఉండేది. ఆమె పద్యం చదివితే నా గొంతును ఆమె గొంతు కిందికి చేర్చి, నాది వినబడకుండా పోయేదాకా చదివేదాన్ని. ఆమె ఎక్కడ ఆగుతుందో నేనెక్కడ మొదలవుతానో తెలియకుండా పోవాలని నా కోరిక. చిన్నపిల్లను కదా, దానికి పేరు తెలియదు. ఆకలి అనుకునేదాన్ని.

కానీ ఆమె ఎవరినీ ముట్టుకునేది కాదు. మిగతా టీచర్లు చెవి మెలిపెట్టేవాళ్ళు, వాళ్ళే వీపు తట్టేవాళ్ళు. ఈమె కొట్టదు, నిమరదు. అందరినీ 'మీరు' అంటుంది. సాయంత్రం బస్సు దిగి కాలువ కట్ట మీద క్యాంపుకు నడిచేటప్పుడు ఎదురుగా గేదెలు వస్తే పక్కకు తప్పుకొని "వెళ్ళండి" అనేదట. ఆ సంగతి బడంతా పాకింది. ఆడపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ "వెళ్ళండి, వెళ్ళండి" అని నవ్వుకునేవాళ్ళు. ఆమె విని కూడా విననట్టే గొడుగును కిటికీ ఊచకు తగిలించి, పోయినసారి ఆపిన వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టేది. మధ్యాహ్నం కిటికీ వైపు తిరిగి ఒక్కతే తినేది. తిన్నాక చేతులు కడుక్కొని గాలికే ఆరనిచ్చేది గానీ చీరకు తుడుచుకునేది కాదు. ఎంత బాగా రాసినా "బాగుంది, ఇంకోసారి రాయండి" అనేది. ఆ 'బాగుంది' కోసమే నేను ఇంకోసారి రాసేదాన్ని.

కోస్తా వాళ్ళు వెళ్ళిపోతారని, పోవాలని ఆ రోజుల్లో బస్టాండు నుంచి బావి దాకా మాటలు నడిచేవి. ఉద్యోగం మానెయ్యమని ఆమె అన్నగారు కూడా చెప్పారని విన్నాం. ఒక రోజు ముందు బెంచీ పిల్ల ధైర్యం చేసి, మీరు మీ ఊరికి పోతరా టీచర్ అని అడిగేసింది.  పాఠం పూర్తయ్యేదాకా ఎక్కడికీ వెళ్ళనంది టీచరమ్మ. ఇది చాలా పెద్ద పాఠమని కూడా అంది. పాఠం అయిపోకూడదని నేను చాలా రోజులు మొక్కుకున్నాను. దాదికి చెబితే, పొయ్యెటోళ్ళను పట్టుకుంటమా బిడ్డా అని నిట్టూర్చింది.

పెద్ద తరగతులకు వచ్చేసరికి నేను దాదాపు ఆమెనైపోయాను. ఆమె రాత నా రాత అయింది. ఆమెలాగే తల కొంచెం పక్కకు వంచి వినడం నేర్చుకున్నాను. తండాలో కూడా అండీ అండీ అని మాట్లాడుతుంటే, ఇగ మన ఇంట్ల గూడ ఒక క్యాంపు లేసింది అని దాది చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. నాకు కోపం రాలేదు, పొంగిపోయాను. అద్దాల లంగా మడిచి పెట్టెలో పెట్టి, బాపును పీడించి తెల్ల ఓణీ కొనిపించుకున్నాను. అది వేసుకొని బడికి పోయిన రోజు ఆమె ఏమంటుందోనని పొద్దున్నుంచీ ఎదురు చూశాను. సాయంత్రం గొడుగు తీసుకుంటూ నన్ను ఆపింది.

"ఆ అద్దాల లంగా ఏమైంది?"

"అది తండాలో వేసుకునేదండి."

"నాలాంటిదాన్ని నేనొకదాన్ని ఉన్నాను కదమ్మాయ్. ఇంకొకరెందుకు? మీరు మీలా రాకపోతే బడిలో మీ చోటు ఖాళీగా ఉంటుంది."

ఆమె తలుపు వేసేసిందనుకున్నాను. తండా దాకా ఏడుస్తూ నడిచాను. మర్నాడు అద్దాల లంగాతోనే వెళ్ళాను, మొండితనంతో, ముఖం ముడుచుకొని. ఆమె ఏమీ జరగనట్టే దగ్గరికి పిలిచి మా భాషలో నీళ్ళను ఏమంటారని అడిగింది. "పాణి" అన్నాను. ఆ తర్వాత రోజుకో మాట అడగడం అలవాటు చేసుకుంది. ఆమె పలికితే ఆ మాటలకు కాళ్ళు చేతులు వంకర పోయేవి. తరగతంతా నవ్వేది. ఆమె నవ్వనిచ్చేది. బడిలో మా మాటను నలుగురి ముందు పలికిన మొదటి మనిషి ఆమె. ఒకసారి అమ్మను ఏమంటారని అడిగింది. చెప్పాను. "యాడి" అంది ఆమె, నా ముఖంలోకి చూస్తూ, సరిగ్గా పలికానా అన్నట్టు. మాట నేర్చుకుంటోంది, అంతే. తల ఊపి, కూర్చోమనకముందే నా చోటికి వచ్చి కూర్చున్నాను. 

పదో తరగతి పాసయ్యాను. మా తండాలో ఆడా మగా ఎవరూ అంతదాకా చదవలేదు. బాపు బాన్సువాడ బస్టాండులో పేపరు పట్టుకొని, చదవడం రాకపోయినా, ఎదురుపడ్డ ప్రతివాడికీ నా నంబరు చూపించాడు. టీచరమ్మ ఇంటికి పోవాలని దాది పట్టుబట్టింది. బెల్లం, నెయ్యి గిన్నె తీసుకొని, తండా ఆడవాళ్ళను వెంటేసుకొని కాలువ కట్ట పట్టింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా తండాల్లో ఆడవాళ్ళు చాన్నాళ్ళకు కలిసినా, విడిపోతున్నా, మోయలేనంత సంతోషం వచ్చినా ఒకరి మెడ ఒకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. ఉత్త ఏడుపు కాదు అది. అందులో మాటలుంటాయి, పోయినవాళ్ళుంటారు, జరిగిన కథ ఉంటుంది. అవతలి మనిషి కూడా అదే రాగంలో జవాబు ఏడవాలి. రెండు గొంతులూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా పోతేనే ఆ ఇద్దరూ నిజంగా కలిసినట్టు.

టీచరమ్మ వరండాలోకి వచ్చింది. దాది గిన్నె కింద పెట్టి, ఒక్క అంగలో వెళ్ళి ఆమె మెడ పట్టుకొని రాగం అందుకుంది. వెంట వచ్చిన వాళ్ళు వరండా కింద గొంతు కలిపారు.

క్యాంపు క్యాంపంతా ఉలిక్కిపడింది. టీచరమ్మ వదినగారు వంటింట్లో ఉన్నారు. ఎవరో పోయారని కబురొచ్చిందనుకొని, చావు వార్త వచ్చిన ఇంట్లో నిప్పు ఉండకూడదు కాబట్టి, మండుతున్న పొయ్యి మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించారు. అన్నగారు పొలంలోంచి మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకొచ్చారు. ఇరుగుపొరుగు వాళ్ళు చెప్పులు విడిచి, తలలు వంచుకొని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఒక పెద్దాయన కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ, నిన్న సాయంత్రం కూడా కట్ట మీద కనబడిందే పాపం, ఎంత మంచి మనిషి అని మొదలుపెట్టాడు. తల ఎత్తేసరికి ఆ మంచి మనిషి ఎదురుగా నిలబడి ఉంది, మెడకు మా దాది వేలాడుతూ.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. దాదిని లాగెయ్యాలని ముందుకు పోయాను. టీచరమ్మ కొయ్యలాగా నిలబడి ఉంది. చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. దాది రాగం ఆపి, తల వెనక్కి తీసి ఆమెను పరిశీలనగా చూసింది.

"ఏందమ్మా, గట్ల కట్టెలెక్క నిలవడ్డవ్? మేం గిట్ల పట్టుకుంటె మీద వడి ఏడ్వాలె."

"నాకు రాదండి" అంది టీచరమ్మ చిన్నగా.

"అస్తది. పిల్లకు అన్ని నేర్పినవ్, నీకు గిది రాదా?"

దాది మళ్ళీ అందుకుంది. అప్పుడు టీచరమ్మ చేతులు మెల్లగా లేవడం చూశాను. ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో కాసేపు ఆగి, దాది వీపు మీద, అద్దాల రవికె మీద వాలాయి. ఆమె గడ్డం దాది భుజం మీదికి వంగింది. రాగం రాలేదు, మాటలు రాలేదు. గొంతులోంచి ఏదో సన్నటి శబ్దం వచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడే భర్త పోయిన మనిషి ఆమె. ఇన్నేళ్ళలో కన్నీళ్ళు పెట్టడం ఆ రోజే చూశానని వదినగారు నాకు తర్వాత చెప్పారు. దాది ఏడుపులో ఉన్నది మా యాడి. కోడలా, నువ్వు దారిలో వదిలిపోయిన పిల్లను ఈ క్యాంపు చెల్లెలు ఎత్తుకుంది, నీ బిడ్డ అక్షరం పట్టుకుంది, ఇద్దరు తల్లుల బిడ్డ అయింది, నువ్వు ఎక్కడున్నా చూడు అని. టీచరమ్మకు అందులో ఒక్క మాటే తెలుసు. యాడి అన్న మాట వచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు దాది వీపు మీద బిగుసుకోవడం నేను చూశాను.

నిజం చెబితే ఆ క్షణంలో నాకు దాది మీద ఈర్ష్య పుట్టింది. నేను ఏళ్ళ తరబడి దేనికోసం అల్లాడానో దాన్ని ఆ ముసలిది ఒక్క అంగలో వెళ్ళి తీసుకుంది. అది కూడా, అదొక కోరుకునే సంగతని తెలియకుండానే.

ఇంతలో కండువా పెద్దాయన దగ్గరికి వచ్చి, ఇంతకీ ఎవరండీ పోయింది అని అడిగాడు. టీచరమ్మ తల ఎత్తి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎవరూ పోలేదండి. మా అమ్మాయి పాసైంది."

మా అమ్మాయి. నా వైపు చూడకుండానే అంది. పొరుగాయనకు సంగతి చెప్పింది, అంతే. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. నాకు ఆ ఒక్కసారి చాలింది.

వదినగారు పొయ్యి ఆరిపోయిందని, ఇంతమందికి కాఫీ ఎట్లా పెట్టేదని గొణిగారు. అంతవరకు నన్ను వరండా దాటి రానిచ్చేవారు కాదు ఆవిడ. దాది ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి, తడి బూడిద తీసేసి, పొయ్యి ముందు కూర్చొని ఊదింది. పిల్ల పాసైన ఇంట్లో పొయ్యి ఒక్క రోజే రెండుసార్లు అంటుకున్నదని ఊదుతూనే గర్వంగా చెప్పుకుంది. ఆవిడ కాఫీగిన్నె అందించారు. ఆ రోజు మా తండా ఆడవాళ్ళంతా క్యాంపు వాళ్ళ వరండాలో కూర్చొని కాఫీ తాగారు. అది చేదుగా ఉందని ఇంటికి వచ్చేదాకా తిట్టుకున్నారు.

తర్వాత నేను నిజామాబాద్‌లో ఉండి టీచర్ ట్రైనింగ్ చేశాను. ఉద్యోగం వచ్చింది. దాది అది చూసి, మరో రెండు నాట్ల తర్వాత పోయింది. నేను సెలవుల్లో టీచరమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. కింద కూర్చోబోతే ఒప్పుకునేది కాదు. తన కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేయించేది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఒక కుర్చీ పట్టేంత జాగా ఉండేది. బడి సంగతులు అడిగేది. మూడు భాషల పిల్లలు ఒకే గదిలో ఉంటే మొదట ఎవరి మాటలో పలకరిస్తారని ఒకసారి అడిగింది. ఏ పిల్ల ఏడుస్తుంటే ఆ పిల్ల మాటలో అని చెప్పాను. "బాగుంది" అంది. ఇంకోసారి రాయమనలేదు.

పోయిన వానాకాలం ఆమెకు గుండె జబ్బు ముదిరింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేశారు. నేను వెళ్ళేసరికి మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చొని ఉంది. ఎదురుగా కుర్చీ వేసి ఉంది. ఎంతో సన్నబడింది. ఇంక ఎక్కువ రోజులు లేవని ఇద్దరికీ తెలుసు. అన్నేళ్ళు దాచుకున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"నేను మీ కడుపున పుట్టి ఉంటే బాగుండేదండి."

ఆమె దిండు మీద కాస్త పైకి జరిగింది. ఊపిరి కూడదీసుకుంటోందో, మాట కూడదీసుకుంటోందో తెలియలేదు.

"నా కడుపున పుట్టి ఉంటే మిమ్మల్ని ఇంత శ్రద్ధగా చూసేదాన్ని కాదేమోనమ్మాయ్. పుస్తకాన్ని కంటికి ఆనించుకుంటే అక్షరం కనబడదు. కాస్త దూరం పెట్టుకుంటేనే చదవగలం." ఆగి, మళ్ళీ అంది. "మిమ్మల్ని నేను మొదటి పేజీ నుంచి చదివాను."

ఆ మాటతో నా కోరిక తీరిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. తీరలేదు. ఆమెలో కలిసిపోవాలన్న ఆకలి ఇప్పటికీ ఉంది. ఇక తీరే వీలూ లేదు. కానీ మా మధ్య ఉన్న కుర్చీ జాగా ఖాళీ కాదని ఆ రోజు తెలిసింది. ఆమె నన్ను చూసింది అక్కడి నుంచే. నా మాటను నా నోట్లోనే ఉంచి, నా బట్టను నా ఒంటి మీదే ఉంచి, నన్ను నన్నుగా పెంచింది అక్కడి నుంచే. నా అంతట నేను నిలబడడానికి ఆమె తనను తాను అందకుండా ఉంచుకుంది. ఆ రోజు క్యాంపు నుంచి తలెత్తుకొని తిరిగి వచ్చాను.

ఇదంతా తలచుకుంటూ బస్సు మారి, క్యాంపు దగ్గర దిగేసరికి ఎండ ఎక్కింది. ఏడుస్తాననుకున్నాను. వాకిలి చూసి ఏడుపు ఆగిపోయింది. వాకిలి నిండా, వీధి నిండా ఆడవాళ్ళు. చంకలో పిల్లలున్న వాళ్ళు, బుర్ఖాలో ఉన్నవాళ్ళు, నర్సు చీరలో డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన ఆమె, మా పక్క తండాల వాళ్ళు. ట్రాక్టరు ట్రాలీలో నిలబడి వచ్చిన వాళ్ళు ఇంకా దిగుతున్నారు. ఎవరి పక్కన నిలబడినా ఒకే మాట వినిపించింది. నా మీద ఆమెకు ప్రత్యేకంగా ప్రేమ, పైకి చూపించేది కాదు గానీ, అని. నర్సు అదే అంది. బుర్ఖా ఆమె అదే అంది. నేనూ నోరు తెరిచి అదే అనబోయి ఆగాను. నాకొక్కదానికే అనుకున్న ఆకలి ఇంతమందిది. నాకు నవ్వొచ్చింది. చావు ఇంట్లో నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. నా పక్కన ఉన్నామె కూడా పెదవి కొరుక్కుంటోంది.

పాడె లేచింది. అన్నగారి కొడుకు నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాడు. క్యాంపు చివర, కాలువ కట్ట ఎక్కే చోట పెద్దమనుషులు ఆగారు. ఆడవాళ్ళు ఇక్కడిదాకేనమ్మా, ఇంక వెనక్కి తిరగండి అని ఒకాయన నెమ్మదిగానే చెప్పాడు. అది వాళ్ళ ఆచారం, చాలా ఊళ్ళలో అదే ఆచారం. మేమందరం ఆగాం. మగవాళ్ళు పాతికమంది కూడా లేరు. కట్ట మీద వాళ్ళు, కింద వీధి పొడుగునా మేము. ఎవరికీ వెనక్కి తిరగడానికి కాళ్ళు రాలేదు, ముందుకు పోవడానికీ రాలేదు.

అప్పుడు వదినగారు మాట్లాడారు. ఆచారం తప్పడమంటే పడని మనిషి. 

"ఇన్నేళ్ళూ ఈ కట్ట మీద ఆవిడ ఒక్కతే నడిచిందండి. ఇవాళ ఇంతమంది ఉండగా కూడా ఒక్కదాన్నే పంపమంటారా?"

ఆ పెద్దమనిషి అన్నగారి వైపు చూశాడు. అన్నగారు పాడె బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకొని, మాకు దారి వదిలి, కట్ట అంచుకు జరిగి నడవడం మొదలుపెట్టారు. వదినగారు పక్కన ఎవరున్నారో చూడకుండానే ఒక చెయ్యి పట్టుకొని కట్ట ఎక్కారు. ఆ చెయ్యి నాది. నేను ఎవరి వరుసలో నిలబడాలని పొద్దున్నుంచీ ఆలోచిస్తూ వచ్చానో, ఆ వరుస అక్కడ లేనే లేదు. అందరం ఎక్కేశాం.

కాలువలో నీళ్ళు నిండుగా పారుతున్నాయి. రెండు వైపులా మడుల్లో నాట్లు పడుతున్నాయి. మమ్మల్ని చూసి నాటు వేసే ఆడవాళ్ళు నడుములు ఎత్తారు. ఒక మడిలో ఒకామె నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, ఎవరో గుర్తుపట్టి, పక్కనున్న వాళ్ళకు చెప్పింది. పని వదిలి, బురద కాళ్ళతోనే ఒక్కొక్కరు కట్ట ఎక్కి మాలో కలిశారు. తర్వాతి మడిలోంచి ఇంకొందరు. వచ్చేవాళ్ళకు దారి ఇస్తూ ఇస్తూ నేను వెనక్కి వెనక్కి జరిగాను. వదినగారి చెయ్యి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. పాడె కనబడడం మానేసింది. ముందు అన్నీ తలలే, కొంగులే, మధ్యలో ఎక్కడో ఒక అద్దాల రవికె మీద ఎండ తళుక్కుమంటోంది.

నా పక్కన ఒక పడుచుపిల్ల నడుస్తోంది. చేతిలో నారుకట్ట అట్లాగే పట్టుకొని వచ్చేసింది. నీకు కూడా చదువు చెప్పిందా అని అడిగాను. తనకు చెప్పలేదని, తన అక్కకు చెప్పిందని, అక్క ఇప్పుడు దూరాన ఉంది కాబట్టి అక్క బదులు తాను వచ్చానని చెప్పింది. నారు వేళ్ళ నుంచి నీళ్ళు ఆమె మోచేతి మీదుగా కారి కట్ట మీద పడుతున్నాయి. మేము నడిచిన దారి వెంట మట్టి మీద ఆ తడి చుక్కలు వరుసగా వస్తున్నాయి.